కార్బ్యురేటరు క్రింది వేడి: పాత మోటారుబండ్లకు దాని యావశ్యకత

చెన్నపట్టణమునకు ఉత్తరపు వాకిలి మాధవరము. గుమ్మిడిపూండి, నెల్లూరు, బెజవాడల మీదుగా కలకత్తాకు పోవు పెద్దబాట దీని చెంతనుండియే సాగును. 2018లో ఇచ్చట నెలకొల్పబడిన బస్సు నిలయమునుండి ఆంధ్రదేశమునకు పోవు బస్సులు బయలుదేరుచున్నవి. అంతకు చాల పూర్వమునుండియు ఈ ఉత్తర ప్రాంతము మోటారు యంత్రములకు పుట్టిల్లు వంటిది. 1840లో గుఱ్ఱపుబండ్లు చేయుటకు వెలసిన సింప్సన్ కంపెనీలో 1903లో శామ్యూల్ జాన్ గ్రీన్ అనునతడు ఆవిరితో నడచు కారును నిర్మించెను. ఆ కంపెనీవారి డీజిలు ఇంజనుల కార్ఖానా తరువాతి కాలమున మాకు ప్రక్కనే యున్న సెంబియములో లేచినది. 1948లో స్థాపితమైన అశోక్ మోటార్సువారు ఎన్నూరులో ఆస్టిన్ ఏ-40 కార్లను కూర్చిరి. బుల్లెట్టు మోటారుసైకిళ్ళు తయారైన ఎన్‌ఫీల్డు కార్ఖానా తిరువొత్తియూరులోనిది. ఇక పెద్దబాటమీద మరికొంత ఉత్తరమునకు పోయినచో షోళవరము. యుద్ధకాలపు విమానముల దారిపై అచ్చట 1950లనుండి 1980ల చివరివరకు మోటారు పందెములు జరుగుచుండెడివి.

ఇట్టి చోట స్థిరపడిన తెలుగు కుటుంబములలో తండ్రుల కాలపు కారును అమ్ముకొనక కాపాడుకొనువారు నేటికిని కొందరు కలరు. నేనును వారిలో నొకడను. మా తండ్రిగారు కొనిన అంబాసిడరు మా వాకిట నున్నది. ఇటీవల రెండు మూడేండ్లుగా ఇట్టి బండ్ల యజమానులు కలిసికొన్నప్పుడెల్ల ఒకే ఫిర్యాదు వినబడుచున్నది: ఉదయమున చోకు లాగనిదే ఇంజను పట్టుకొనదు, మొదటి రెండు మైళ్ళు తడబడును, ఎండవేళ ఆపినచో మరల కదలదు. దీనికి మందుగా కార్బ్యురేటరు క్రింద వేడి పలక వేయించుకొమ్మని కొందరు చెప్పుచున్నారు. అట్టి పలకలు అమ్మబడుచునే యున్నవి. వానివలన మేలెంత, కీడెంత, ఎట్లు అమర్చిన మేలు అను విషయమును ఈ వ్యాసమున విచారింతును.

ముందుగా ఈ పలకల స్వరూపము తెలియవలెను. కార్బ్యురేటరు ఇంజనుకు నేరుగా తగిలింపబడియుండదు. అది మానిఫోల్డు అను శాఖలుగల గొట్టముమీద కూర్చుండును. ఆ గొట్టము ద్వారా గాలియు పెట్రోలును సిలిండర్లకు పంచబడును. కార్బ్యురేటరునకు మానిఫోల్డునకు నడుమ ఉంచు దిమ్మను స్పేసరు అందురు. ఇది రెండు జాతులు. మొదటిది బేకలైటు దిమ్మ. ఇంజను వేడిని పైకి పోనీయకుండుట దాని పని. రెండవది అల్యూమినియపు పలక. లోపల దొలిచిన దారిలో రేడియేటరు నీరు ప్రవహించి దానిని వెచ్చగా నుంచును. ఒకటి వేడిని అడ్డగించును, మరియొకటి వేడిని తెచ్చును. చూచుటకు రెండును ఒకే యాకారముగా నుండుటచేత ఒకదానిని తీసి రెండవదానిని పెట్టిన చాలునని మన షెడ్లలో భావించుచున్నారు. తగవంతయు ఇచ్చటనే పుట్టుచున్నది.

వేడి ఏల కావలయునో చూతము. కార్బ్యురేటరు పెట్రోలును ఆవిరిగా మార్చునని సామాన్యముగా అనుకొందుము. నిజమునకు అది చేయునది చిలుకరించుట మాత్రమే. ఆ తుంపరలలో కొన్ని గాలిలో ఆవిరియగును, మిగిలినవి మానిఫోల్డు గోడలకంటుకొని తడిగా ప్రాకును. ఆవిరి నాలుగు సిలిండర్లకు సమముగా పంచబడును. ప్రాకెడు తడి మాత్రము వాలు ఉన్నవైపునకే పోవును. అందుచే ఒక సిలిండరుకు పెట్రోలు మిక్కుటము, మరియొకదానికి కొరత. కొరత పడినది మిస్సింగు కొట్టును. దానిని తృప్తిపరచుటకు మేస్త్రి జెట్టు పెద్దది చేయును. అప్పుడు మిగిలిన మూడును అవసరమునకు మించి త్రాగును. మన పాత బండ్ల దాహమునకు ఇది యొక ప్రధాన కారణము.

ఆవిరి కావలెనన్న వేడి వలయును. వేసవిలో కూజానీరు చల్లబడుటలోని మర్మమిదియే: చెమ్మ ఆవిరియగుచు కూజానుండి వేడిని లాగుకొనును. ఒక గ్రాము పెట్రోలు ఆవిరియగుటకు సుమారు 84 కేలరీల వేడి పట్టును. గాలి పదునాలుగున్నర పాళ్ళకు పైగా, పెట్రోలు ఒక పాలుగా కలిసిన మిశ్రమములో పెట్రోలంతయు గాలి వేడిమితోనే ఆవిరియైనచో ఆ గాలి ఇంచుమించు 24 డిగ్రీలు చల్లబడవలెను. అంత చల్లబడుటకు ముందే ఆవిరియగుట మందగించును. మిగిలిన వేడిని మానిఫోల్డు గోడలు ఈయవలెను. అవి చల్లగానున్న ఉదయవేళ చోకు లేనిదే బండి కదలకుండుటకు హేతువిదియే.

మన యెండలలో ఈ చల్లదన మేపాటిదని తేలికగా తీసివేయరాదు. కార్బ్యురేటరుగల చిన్న విమానములు నడపువారు గాలిలో తేమ యెక్కువగానున్న దినములలో, బయట 25 డిగ్రీల వెచ్చదనమున్నను, కార్బ్యురేటరు గొంతులో మంచు గట్టునని భయపడి, వేడిగాలి నిచ్చు మీటను లాగుచుందురు. మూయబడిన బానెట్టులోని కారు ఇంజనుకు చెన్నపట్టణమున మంచుభయము లేదు. లంబసింగి, అరకు ప్రాంతముల చలికాలమున మాత్రము విచారింపదగినదే.

ఈ సంగతి పూర్వపు యంత్రనిర్మాతలెరిగినదే. అంబాసిడరునకు 1959నుండి అమర్చిన 1489 ఘన సెంటీమీటర్ల ఇంజనులో గాలి లోనికి వచ్చు మానిఫోల్డు, పొగ వెలికిపోవు మానిఫోల్డు ఒకే ప్రక్కన నుండును. కార్బ్యురేటరు దిగువ పొగగొట్టపు వేడి తగులుటచే తడి అచ్చటనే ఆవిరియగును. అమెరికావారు తమ కార్లలో పొగగొట్టములోపల ఒక తలుపు పెట్టి, చల్లగానున్నపుడు వేడిపొగ కార్బ్యురేటరు అడుగునకు తగిలి పోవునట్లును, ఇంజను కాగినపిదప లోహపుచుట్ట విచ్చుకొని దారి మారునట్లును చేసిరి. ఇంగ్లండులో మినీ కారు చివరి దశలో మానిఫోల్డునకు వేడినీటి దారి పెట్టిరి. 1980లలో జర్మనీ ఫోక్స్‌వాగన్, ఆడి కార్లలో కార్బ్యురేటరు దిగువ ముండ్లు ముండ్లుగా లేచియున్న విద్యుత్ పొయ్యి నుంచిరి. దానిని అచ్చటివారు ముళ్ళపంది యనియే పిలిచిరి. నీరు కాగినంతనే అది తనంత తాను ఆరిపోవును.

మన రైతులకును ఈ విద్య క్రొత్తది కాదు. పెట్రోలుతో మొదలుపెట్టి కిరసనాయిలుతో నడపు నీటిపంపు ఇంజనులు గోదావరి, కృష్ణా మండలములలో చాలకాలము వాడబడినవి. కిరసనాయిలు 150 డిగ్రీలు దాటినగాని మరుగనారంభింపదు. కావున పొగగొట్టపు వేడిని ఆధారము చేసికొననిదే ఆ యింజను నడువనే నడువదు. పెట్రోలు అట్టిది కాదు. అది ఒకే ద్రవ్యము గాక పెక్కు ద్రవ్యముల కలయిక. దానిలోని తేలికపాళ్ళు 35, 40 డిగ్రీలకే మరుగును, బరువుపాళ్ళు 200 డిగ్రీల వరకు మొండికేయును. తేలికపాళ్ళకు మన యూరి మే నెల యెండయే చాలును. 2003 మే నెలలో చెన్నపట్టణమున 45 డిగ్రీలు నమోదైనవి. అట్టి దినమున బానెట్టులోపల నెంతయుండునో ఊహింపుడు.

ఇక నేటి ఫిర్యాదులకు మూలము. మనదేశమున పెట్రోలులో చెరకునుండియు ధాన్యమునుండియు తీసిన ఇథనాలు కలుపుట 2003లో నూటికి 5 పాళ్ళతో మొదలై, 2022లో 10 పాళ్ళకు చేరినది. 20 పాళ్ళ మిశ్రమము 2023 ఫిబ్రవరిలో ప్రవేశించి, 2025 నాటికి దేశమంతట సామాన్యమైనది. విదేశీ చమురు కొనుగోలు తగ్గించుకొనుటకును, చెరకు రైతుకు ధర దొరకుటకును ఇది మంచిదే కావచ్చును. ఆ చర్చ నాకు ప్రస్తుతము కాదు. పాత కార్బ్యురేటరునకు మాత్రము ఇది రెండంచుల కత్తివంటిది. ఒక గ్రాము ఇథనాలు ఆవిరియగుటకు సుమారు 200 కేలరీలు పట్టును, అనగా పెట్రోలుకంటె రెండింతలకు మించి. అందుచే 20 పాళ్ళ మిశ్రమము ఆవిరియగుటకు పట్టు వేడి మునుపటికంటె ఇంచుమించు 30 శాతము హెచ్చు. ఉదయపు తడబాటుకు కారణమిది. ఐతే ఇథనాలు కొద్దిపాళ్ళలో పెట్రోలుతో కలిసినపుడు, పెట్రోలులోని తేలికపాళ్ళు మరింత త్వరగా ఎగిరిపోవు గుణము కూడ కలుగును. కావున కార్బ్యురేటరు గిన్నెలో నిలిచియున్న పెట్రోలు ఎండవేళ మునుపటికంటె సులభముగా బుడగలెత్తును. మధ్యాహ్నపు మొరాయింపునకు కారణమిది. ఒకే ఇంధనము అడుగున హెచ్చు వేడిని, గిన్నెలో హెచ్చు చల్లదనమును కోరుచున్నది.

ఈ సూక్ష్మము నాకు ముందుగా తెలియలేదు. పోయిన సంవత్సరము చలిదినములలో నగరమందలి ఒక షెడ్డులో మా బండికి వేడినీటి పలక వేయించితిని. అచ్చటివారు కార్బ్యురేటరు క్రింద నున్న నల్లని బేకలైటు దిమ్మను తీసి, ఇది ఇక అక్కరలేదని చేతికిచ్చి, దాని స్థానమున అల్యూమినియపు పలకను బిగించిరి. మరునాటి ఉదయమున బండి ఒక్క లాగునకే పట్టుకొని, చోకు లేకయే మెత్తగా సాగినది. నేను ఉప్పొంగిపోయితిని. ఫాల్గుణము వచ్చువరకు ఆ సంతోషము నిలిచినది. ఒకనాడు నెల్లూరిలో మా మేనత్తగారికి ఒంట్లో బాగుగాలేదని కబురు వచ్చి, పగటివేళ బయలుదేరితిమి. గుమ్మిడిపూండి దాటినపిదప టీ త్రాగుటకు పది నిమిషములు ఆపితిమి. మరల స్టార్టరు నొక్కగా ఇంజను పలుకలేదు. బానెట్టెత్తి చూడగా కార్బ్యురేటరు చేయి తాకరానంతగా కాలుచున్నది. గిన్నెలోని పెట్రోలు మరిగి పొంగి, గొంతులోనుండి కారి, క్రిందనున్న పొగగొట్టముమీద పొగలు గ్రక్కుచున్నది. పెట్రోలు వాసనకు మా యింటివారు పిల్లలను దూరముగా తీసికొనిపోయిరి. అది అంటుకొనకపోవుట మా పుణ్యమే. తడిగుడ్డ కప్పి, గంటసేపు చెట్టునీడన కూర్చుండి, చీకటిపడిన తరువాత నెల్లూరు చేరితిమి.

తడిగుడ్డ అనగానే పాత అంబాసిడరు నడపినవారు నవ్వుకొందురు. పెట్రోలు పంపుమీద తడిగుడ్డ చుట్టి నడపుట మన దేశమున రెండు తరముల డ్రైవర్ల విద్య. అదియు కూజా న్యాయమే.

తిరిగివచ్చినపిదప నెల్లూరు జిల్లానుండి వచ్చి చిరకాలముగా ఇచ్చటనే పనిచేయుచున్న ఒక వృద్ధుడైన మేస్త్రికి బండి చూపితిని. ఆయన పలకను, నేను భద్రపరచిన బేకలైటు దిమ్మను రెండు చేతుల పట్టుకొని, “పొయ్యిమీద పెట్టాల్సింది పెనాన్ని గదయ్యా! పిండిగిన్నెను గూడా పెడితే ఎట్టా?” అనెను. ఈ యొక్క మాటలో శాస్త్రమంతయు ఇమిడియున్నది. మానిఫోల్డు అడుగు పెనము. కార్బ్యురేటరు గిన్నె పిండిగిన్నె. పెనము కాగవలెను, గిన్నె చల్లగా నుండవలెను. అల్యూమినియముతో పోల్చినచో బేకలైటు వేడిని ప్రసరింపజేయుట కొన్ని వందలరెట్లు తక్కువ. కనుక సరియైన వరుస యిది: అన్నిటికంటె పైన కార్బ్యురేటరు, దానిక్రింద బేకలైటు దిమ్మ, దానిక్రింద వేడినీటి పలక, అట్టడుగున మానిఫోల్డు. రెంటిలో ఏ యొకటియు రెండవదానికి బదులు కాదు.

పెనపు సాదృశ్యము మరియొక విషయమున కూడ పనికివచ్చును. మితిమీరి కాగిన పెనముమీద నీరు చిలుకరించినచో చుక్కలు ఉండలై గెంతునే గాని వెంటనే ఇగిరిపోవు. పొగగొట్టముతో వేడిచేసిన అడుగునకు అట్టి దోషము సంభవించును. అంతేగాక లోనికి వచ్చు గాలిని కూడ అనవసరముగా కాచును. గాలి 3 డిగ్రీలు వెచ్చనైన కొలది దాని సాంద్రత ఇంచుమించు ఒక శాతము తగ్గును, ఆ మేరకు ఇంజను బలము తగ్గును. షోళవరపు పందెములవంటి వానిలో పాల్గొనువారు వేడిని సర్వవిధముల తొలగించుకొనుటకు హేతువిదియే. పూర్తిగా తెరచిన త్రాటిలులో గాలివేగమే తడిని ఈడ్చుకొనిపోవును, వేడితో పనిలేదు. వారిని చూచి బజారులో నడచు బండ్లకు గూడ వేరువేరు పొగగొట్టములు తగిలించి, నిర్మాత యిచ్చిన వేడిచోటును పోగొట్టుకొనినవారు కొందరు. అట్టి బండ్లకే నీటిపలక నిక్కముగా అవసరము. నీటి వేడి 80, 85 డిగ్రీలకు మించదు కనుక ఈ పనికి పొగకంటె నీరే నెమ్మదియైనది.

అమర్చుటలో గమనింపవలసినవి కొన్ని చెప్పుదును. వానిలో మొదటిదానికి డబ్బు ఖర్చే లేదనవచ్చును. మన యూరి మేస్త్రులలో పెక్కుమంది థర్మోస్టాటును పీకి పారవేయుదురు. వేడి యూరిలో నీటికి అడ్డు ఎందుకని వారి వాదము. అది లేని ఇంజనులో నీరు చాలసేపు గోరువెచ్చగానే తిరుగుచుండును. అట్టి బండికి ఎంత ఖరీదైన పలక వేసినను అది చల్లని పెనమే. థర్మోస్టాటును మరల పెట్టించి, రేడియేటరును శుభ్రపరచినచో కొన్ని బండ్లకు పలక యక్కరయే తీరిపోవును. నన్నడిగినచో ప్రతివారును ముందుగా ఇది చేసి ఒక నెల చూడవలెను.

పలకను కొనునపుడు నీటిదారి లోపలనే దొలిచి కొసలు మూయబడినదానినే ఎన్నుకొనవలెను. కొన్ని పలకలలో నీటిదారి పైకి తెరచియుండి, కాగితపు ప్యాకింగు ఒక్కటే దానిని మూయుచుండును. ఆ ప్యాకింగు చినిగిననాడు నీరు సిలిండరులోనికి జారును. నీరు పిస్టనుచే అదుముడు పడదు కనుక కనెక్టింగు రాడ్డు వంగిపోవును. నీటిని హెడ్డులో హీటరుకై విడువబడిన రంధ్రమునుండి తీసికొని, రేడియేటరు అడుగు గొట్టమునకు తిరిగి చేర్చవలెను. చెన్నపట్టణపు కార్లకు హీటరు అక్కరలేక ఆ రంధ్రము బిరడాతో మూయబడియుండును. దారిలో ఒక చిన్న కుళాయి తప్పక యుండవలెను. పలకయు దిమ్మయు కలిసి కార్బ్యురేటరును రమారమి ఒక అంగుళము పైకెత్తును. బానెట్టు గాలిగిన్నెకు తగులకుండునా, త్రాటిలు కడ్డీ పొడవు చాలునా, పొడుగైన స్టడ్డులు దొరకినవా అని ముందే చూచుకొనవలెను. పలక వంకరయైనచో సందులనుండి గాలి దూరి మిశ్రమము పలుచబడును. అప్పుడు వేడి లేనప్పటికంటె హీనముగా నడచును. ఇథనాలునకు తాళని పాత రబ్బరు గొట్టములను ఆ పనిలోనే మార్చుట మంచిది. జెట్టు కూడ కొంచెము పెద్దది కావలసియుండును, ఏలయన ఈ మిశ్రమమునకు గాలి తక్కువపాళ్ళు చాలును.

విద్యుత్ పలకలు కూడ అమ్మబడుచున్నవి. ఇచ్చట చిన్న లెక్క అవసరము. లీటరుకు 10 కిలోమీటర్లు పోవు బండి గంటకు 50 కిలోమీటర్లు నడచినచో 5 లీటర్లు, అనగా సుమారు 3.7 కిలోగ్రాముల పెట్రోలు కాలును. అది యంతయు ఆవిరియగుటకు 360 వాట్లు, ఇథనాలు కలిసినచో 470 వాట్లు పట్టును. పాత లూకాస్ డైనమో ఇచ్చునది 22 ఆంపియర్లు, అనగా 12 వోల్టుల వద్ద 264 వాట్లు మాత్రమే. దీపములకు, బ్యాటరీకి దానిలోనిదే పంచవలెను. ఆల్టర్నేటరు లేని బండికి విద్యుత్ పలక, ఇంజను కాగువరకు రెండు మూడు నిమిషములు తప్ప, తగదు. వేడినీటికి అట్టి ఖర్చు లేదు; రేడియేటరు ఎట్లును గాలిలో పారవేయు వేడియే అది.

పలక అమ్మువారు మైలేజి రెట్టింపగునని చెప్పుదురు. ఈ మాట క్రొత్తది కాదు. 1930లలో కెనడాలో చార్లెస్ నెల్సన్ పోగ్ అనునతడు పెట్రోలును పూర్తిగా ఆవిరి చేయు కార్బ్యురేటరుతో గాలనుకు 200 మైళ్ళు వచ్చునని ప్రకటించెను. అట్టి కారు బజారులోనికి ఎన్నడును రాలేదు. రాజాలదు కూడ. ఒక గ్రాము పెట్రోలు మండినచో సుమారు 10,500 కేలరీలు వెలువడును. దానిని ఆవిరి చేయుటకు పట్టునది 84. నూటికి ఒక పాలైనను లేని ఈ వేడినుండి రెట్టింపు బలము పుట్టదు. పలకవలన వచ్చు లాభము వేరు: నాలుగు సిలిండర్లకు పంపిణీ సమమగుటచే చోకు త్వరగా లోనికి నెట్టవచ్చును, జెట్టు అతిగా పెంచనక్కరలేదు, గోడలవెంట జారిన పెట్రోలు ఇంజను నూనెలో కలిసి దానిని పలుచన చేయుట తగ్గును. పట్టణములో చిన్న దూరములు తిరుగు బండికి ఇది స్పష్టముగా తెలియును. పెద్దబాటపై గంటలకొలది పోవు బండికి అంతగా తెలియదు.

మా బండికి బేకలైటు దిమ్మ తిరిగి తన స్థానమునకు వచ్చినది, పలక దానిక్రింద చేరినది, థర్మోస్టాటు క్రొత్తది వేయబడినది. ఆ తరువాత రెండు పర్యాయములు మేనత్తగారిని చూచుటకు పగటివేళనే నెల్లూరు పోయివచ్చితిమి. మొదటిసారి గుమ్మిడిపూండి దగ్గర కావలెననియే ఆపి చూచితిని. కుళాయిని ధనుర్మాసమున తెరచుదును, రోహిణీకార్తెకు నెలదినములు ముందుగా మూయుదును.